బొటనవేలికి గుడ్డపేలిక

మార్చి 3

మామయ్యకి,

ఫోన్ చెయ్యకు, ఎత్తను. ఫోన్లో నువ్వు “ఏమే అగ్గిపెట్టె” అన్నావంటే నాకు నవ్వొస్తుంది. నవ్వొస్తే కోపం సగం చస్తుంది. ఈసారి దాన్ని చావనివ్వదలుచుకోలేదు. అందుకే కాగితం.

చిట్టిదాని ఫలితం వచ్చింది. రాతపరీక్షలో బడి మొత్తానికి మా చెల్లే ఫస్టు. దాని కిందే “చేతి చురుకు: అత్యుత్తమం. సలహా: పనిబడి” అని ఉంది. ఆ కింద, కెరీర్ కౌన్సెలింగ్ ఆఫీసుకి నువ్వే పెద్దవాడివి కాబట్టి, నీ సంతకం. సంతకం చివర నువ్వు తిప్పే మెలికని అమ్మ వేలితో తడిమి “మా తమ్ముడి రాత ఎంత బాగుంటుందో” అని మురిసిపోయింది. సన్నక్షరాలు తన కళ్ళకి ఆనవు కదా, పైన ఏముందో నేను చదివి వినిపించాక వేలు తీసేసింది.

అది వంతెనలు కట్టే చదువు చదవాలనుకుంటోందని నీకు తెలుసు. పోయినసారి నువ్వొచ్చినప్పుడు, రైలు వంతెనకి నడిమి స్తంభం తీసేస్తే ఏమవుతుందో నీతోనే వాదించింది. నువ్వు ఓడిపోయి “నా తల్లే” అని ముద్దు పెట్టావు. ఆ నోటితోనే పనిబడి అన్నావు.

పనిబడి అంటే నీకు కాగితం మీద ఒక పేరు. నేను అక్కడ చదివాను. రెండేళ్ళు స్క్రూలు బిగించడం నేర్పి, మూడో ఏడు స్విచ్చుల కంపెనీ గేటు లోపలికి తోస్తారు. ఇప్పుడు అక్కడే లైన్లో నిలబడుతున్నాను. మా సూపర్‌వైజర్ని గంట అంటాం, అస్తమానం మోగుతుంటాడని. నిన్న ఎవరో తుమ్మితే “తుమ్ములు భోజనం టైములో” అన్నాడు.

నన్ను కూడా నువ్వే పంపావు. నా వంతు వచ్చినప్పుడు బల్ల మీద నీ పుల్లల పలక ఉంది. చెక్కకి బెజ్జాలు, పక్కన గిన్నెలో పుల్లలు. ఒక్కోటీ తీసి బెజ్జంలో దించాలి, నువ్వు గడియారం పట్టుకుని నిలబడతావు. నేను చకచకా దించేశాను. నువ్వు నా రెండు చేతులూ పైకెత్తి “బంగారపు చేతులు” అని అందరికీ చూపించావు. నేను సంబరపడిపోయి ఇంటిదాకా ఆ చేతులు జేబులో పెట్టుకోకుండా నడిచాను. ఎంత వెర్రిమొహాన్నో.

రాతలో ఫస్టొచ్చిన పిల్ల పనిబడికి ఎందుకు పోవాలో చెప్పు. సూటిగా చెప్పు.

నీ అక్క పెద్దకూతురు

*

మార్చి 8

అగ్గిపెట్టెకి,

కవరు తెస్తూనే మా ప్యూను “సార్, రాసినోళ్ళెవరోగానీ కలంతో కాగితాన్ని పొడిచేశారు” అన్నాడు. మా ఇంటి మనిషేలే అన్నాను. తిట్టినా బాగా రాశావు. ఎక్కడ నేర్చుకున్నావే ఇంత ముచ్చటైన వాక్యం?

ఇప్పుడు సూటిగానే చెప్తాను. ఆ పలకకి కళ్ళు లేవు తల్లీ. ఎదురుగా కూర్చున్న పిల్ల ఏ సందులోంచి వచ్చింది, వాళ్ళ నాన్న ఏం చేస్తాడు, కాళ్ళకి చెప్పులున్నాయా లేవా, ఏదీ చూడదు. డబ్బున్నవాడి కొడుక్కీ నీ చెల్లెలికీ అదే చెక్క, అవే పుల్లలు. అంతకంటే సమానం ఇంకేముంటుంది? చేతుల్లో చురుకున్నవాళ్ళు చేతిపనిలో రాణిస్తారు, చేతులు నిదానమైనవాళ్ళు తలతో బతుకుతారు. రాతలో ఎన్ని మార్కులొచ్చినా మా చార్టు అంతే చెప్తుంది.

మర్చిపోయినట్టున్నావు, నేనూ మీ సందులోంచే వచ్చాను. మన సందు మొత్తంలో పై చదువుకి వెళ్ళింది నేనొక్కణ్ణే. పంపింది ఏ పైరవీ కాదు, ఈ పలకే. దాన్ని నమ్మకపోతే నన్ను నేను నమ్మనట్టు.

అయినా నీ బాధ నాకు అర్థమైంది. చిట్టిది మన పిల్ల. ఒక్క వారం ఓపిక పట్టు, మూడో కంటికి తెలియకుండా దాని సంగతి నేను చూస్తాను. అక్కకి చెప్పకు, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

అక్క మందు వేసుకుంటోందా? మోకాళ్ళకి ఆ నూనె రాస్తున్నావా?

మామయ్య

*

మార్చి 14

మామయ్యకి,

ముచ్చటైన వాక్యం ఎక్కడ నేర్చుకున్నావని అడిగావు. కొట్లో సరుకులు కట్టిచ్చిన కాగితాలు విప్పి చదివి నేర్చుకున్నాను. కథ మంచి పట్టులో ఉండగా చిరిగిపోయేది, మిగతాది నేనే ఊహించుకునేదాన్ని. పై చదువుకి పంపి ఉంటే ఈ ప్రశ్న నీకు వచ్చేది కాదు.

నీ దొడ్డిదారి మాకొద్దు. నేను అడిగింది న్యాయం. నువ్వు ఇస్తానంటున్నది లంచం. తేడా తెలియనంత దూరం ఎప్పుడు వెళ్ళావు?

ఇంక అసలు సంగతి విను. మొన్న సాయంత్రం క్లిప్పుల పని చేస్తున్నాం. క్లిప్పుల కంపెనీవాళ్ళు ఇప్పటికీ సందంతటికీ బస్తాలు దించిపోతారు. జడ క్లిప్పు, దానికో స్ప్రింగు. బొటనవేలితో నొక్కాలి, తిప్పాలి, వదలాలి. నడక రాగానే మాకు అదే ఆట, అదే పని. చిట్టిది నా మొహంలోకి చూస్తూ వంతెనల గురించి వాదిస్తోంది, చేతులు వాటి మానాన అవి బిగించుకుపోతున్నాయి. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. నేను దాని వేళ్ళనే చూస్తూ ఉండిపోయాను. ఆ వేళ్ళు నీ పలక మీద ఎందుకు పరిగెత్తాయో అప్పుడు తెలిసింది.

నీ పుల్లల పలకకీ మా క్లిప్పులకీ తేడా ఏముంది మామయ్యా? తియ్యి, నొక్కు, వదులు. నువ్వు మా తెలివిని కొలవలేదు, మా అలవాటుని కొలిచావు. మేడల్లో పిల్లలు జీవితంలో క్లిప్పు బిగించలేదు కాబట్టి వాళ్ళ చేతికి పుల్ల దొరకదు. దొరక్కపోతే నీ చార్టు వాళ్ళని ఆలోచనాపరులంటుంది. పని చేసిన పాపానికి మాకు మళ్ళీ పనే శిక్ష. కళ్ళు లేవన్నావు చూడు, నిజమే. గుడ్డిదాని చేతికి కర్రిచ్చి మమ్మల్ని తోలించావు.

దీనికి నువ్వు జవాబు చెప్పుకోవాలి. నా ఒక్కదానికే కాదు.

నూనె రాస్తున్నాను. అది నీకోసం కాదు.

అక్క పెద్దకూతురు

*

మార్చి 14

అగ్గిపెట్టెకి,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను, అంత సంతోషంగా ఉంది. పని అయిపోయింది! చిట్టిదాని ఫలితం మార్చేశాను. పై చదువుల పట్టికలో దాని పేరు ఇవాళే బడి గోడకి అంటిస్తారు. ఇంక కోపం దిగిందా, నిప్పుల కుంపటీ?

ఇంకో మంచి కబురు. పుల్లల పలకని అన్ని ఊళ్ళ బళ్ళకీ పంపబోతున్నారు. వచ్చే నెల రెండున టౌన్‌హాల్లో సభ. మీ బడిలో పరీక్ష మిగిలిపోయిన రెండో జట్టు పిల్లలకి అక్కడ స్టేజీ మీదే పెడతాం, పెద్దలందరి ఎదుటా నేనే ఫలితాలు చదివి సంతకం పెడతాను. నా ఉద్యోగం మొత్తానికి అదే పెద్దరోజు. అక్కనీ చిట్టిదాన్నీ తీసుకురా, ముందు వరుసలో కుర్చీలు వేయిస్తాను.

అక్కని అడుగు, తను చెప్తుంది మా పరీక్ష కథ. తనని బళ్ళో ఆలస్యంగా వేశారు కదా, ఇద్దరం ఒకే తరగతి. తను పుల్లలు దించుతుంటే చూడటానికి కళ్ళు చాల్లేదు. నేను మాత్రం ఒకటి దించితే రెండు జారవిడిచేవాణ్ణి. పరీక్ష పెట్టిన సారు నా భుజం తట్టి “ఈ పిల్లాడి బుర్ర చేతుల్లో లేదు, తలలో ఉంది” అన్నాడు. ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్ళూ బతికాను.

నీ మామయ్య

*

మార్చి 20

మామయ్యకి,

సంతోషంగా ఉన్నావా? మా ఇంట్లో ఏం జరిగిందో విను.

గోడ మీద చిట్టిదాని పేరు చూసిన రోజునుంచి సందులో ఎవరూ మాతో మాట్లాడటం లేదు. పక్కింటి కుట్టుమిషను పిన్ని కూతురికి కూడా రాతలో మంచి మార్కులే, దానికీ పనిబడే రాశావు. పిన్ని కుళాయి దగ్గర అమ్మకి వినపడేలా “తమ్ముడు కౌన్సెలరైతే చాలు, చార్టులు కూడా చుట్టరికం పాటిస్తాయి” అంది. అమ్మకి ఏమీ తెలీదు, నువ్వు చెప్పొద్దన్నావుగా. బిందె నింపుకోకుండానే వచ్చేసింది. నేను న్యాయం న్యాయమని అరిచి చాటుగా చెల్లెలి సీటు కొనుక్కున్నానని సందంతా అనుకుంటోంది. నా ఉత్తరం నీకు చేరకముందే నా నోట్లో మన్ను కొట్టావు.

చిట్టిది ఏమందో తెలుసా? “ఆ సీటు నాకొద్దు. దొంగతనంగా కట్టిన వంతెన మీద నేను నడవను.” రెండో జట్టుతో మళ్ళీ కూర్చుంటానంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

అక్కని అడగమన్నావు కదా. అడిగాను.

“అమ్మా, మామయ్య చేతులు చిన్నప్పటినుంచీ అంత నిదానమా?”

అమ్మ పడీ పడీ నవ్వింది. “నిదానమా? వాడా? క్లిప్పుల్లో నన్నే దాటేసేవాడు. పరీక్షనాటికి వాడి కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. స్ప్రింగు ఎగిరి గోటికింద దిగింది, చీముపట్టి ఇంత లావు వాచింది. పాత లంగా అంచు చింపి నేనే పేలిక కట్టాను. ఎడం చేత్తో తంటాలు పడ్డాడు పాపం. ఆ నెల వాడి వాటా క్లిప్పులు కూడా నేనే బిగించాను. పరీక్షలో నా వేళ్ళు నాకే కనపడలేదనుకో.”

“రాతలో ఎవరికెక్కువ వచ్చాయి?”

“నాకే. వాడు నా కాగితంలోకి తొంగిచూసేవాడు” అని మళ్ళీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. చేతిలో క్లిప్పు అలాగే ఉంది. “ఇప్పుడెందుకులేవే అవన్నీ” అని లేచి లోపలికి వెళ్ళింది. లోపల పనేమీ లేదు.

అర్థమైందా? నీ కళ్ళు లేని పలక ఒక గోరుచుట్టుని చూసి తెలివనుకుంది. రెండు వాటాలు మోసినందుకు అమ్మని పనిబడికి తోసింది. నిన్ను పైకి పంపింది నీ బుర్ర కాదు, అమ్మ కట్టిన గుడ్డపేలిక. ఆ పేలిక మీద మేడ కట్టుకుని, పైనుంచి కిందికి చూసి మా అందరికీ సలహాలు రాశావు. ఇప్పుడు అన్ని ఊళ్ళకీ పంపుతావట.

పిలిచావుగా, వస్తాం. ముందు వరుసలోనే కూర్చుంటాం.

సంతకం అక్కర్లేదు, ఎవరో నీకు తెలుసు

*

మార్చి 24

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి తలుపు వేసుకున్నాను. నా కుడి బొటనవేలి గోరు ఇప్పటికీ నడిమికి చీలినట్టే పెరుగుతుంది. రోజూ చూస్తూనే ఉన్నాను. నొప్పి గుర్తుంది, ఎడం చెయ్యి గుర్తుంది. కానీ దానికీ సారు అన్న మాటకీ నేనెప్పుడూ ముడిపెట్టి చూసుకోలేదు. ఎవరు చూసుకుంటారు చెప్పు?

అయినా ఒక్క గోరుచుట్టుతో ఇన్నేళ్ళ పద్ధతి అబద్ధమైపోదు. మీ క్లిప్పుల మాట ఆలోచించదగ్గదే, కాదనను. అలాంటివి కమిటీలో నెమ్మదిగా పెట్టాలి, సభలో కాదు.

నా మాట విని సభకి రావద్దు. మీ కంపెనీ మేనేజరు ముందు వరుసలోనే ఉంటాడు. పనిబడికి సామాను ఇచ్చేది వాళ్ళే, పలకల ఖర్చూ వాళ్ళదే. నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకో.

అక్క నా గురించి ఏమైనా అందా?

మామయ్య

*

మార్చి 28

బెదిరింపు అందింది. పలకల ఖర్చు ఎవరిదో చెప్పినందుకు థాంక్స్, అది నాకు తెలీదు. ఉత్తరం కుట్టుమిషను పిన్నికి చదివి వినిపించాను. మళ్ళీ మాట్లాడుతోంది.

వస్తున్నాం.

*

ఏప్రిల్ 4

అమ్మాయీ,

నువ్వు మైకు లాక్కుంటావని భయపడ్డాను. అరుస్తావని, నా గోరు కథ అందరికీ చెప్తావని. రెండు రోజులు నిద్రలేకుండా జవాబులు తయారు చేసుకున్నాను. ఒక్కదానికీ పని పడలేదు. నువ్వు కుర్చీలోంచి లేవనేలేదు.

మొదటి పిల్ల వచ్చి కూర్చుంది. కుడి బొటనవేలికి గుడ్డపేలిక. తగిలించుకుందేమో అనుకున్నాను. ఎడం చేత్తో మొదలుపెట్టింది, పుల్లలు జారి స్టేజీ అంతా దొర్లాయి. చార్టు ప్రకారం “పై చదువు” అని చదివాను. రెండో పిల్లాడికీ పేలిక. మూడో వాడికీ. అప్పుడు గుడ్డ వంక చూశాను. నీలం మీద తెల్ల గళ్ళు. మా అక్క పాత చీర. ముందు వరుసలో తనని చూశాను. తను నా మొహం చూడటంలేదు, మైకు పట్టుకున్న నా బొటనవేలు చూస్తోంది.

మేనేజరు స్టేజీ పక్కకి వచ్చి “ఏమిటీ నాటకం? ఆ గుడ్డలు విప్పించండి” అన్నాడు. విప్పించడం చిన్న పని. నోటిదాకా వచ్చింది. కానీ నన్ను విప్పమని ఆ రోజు ఎవరూ అడగలేదు. నేనెలా అడగను?

అందరివీ చదివాను. పై చదువు, పై చదువు అని చదువుతుంటే నా గొంతు నాదిలా లేదు. చివర చిట్టిది వచ్చింది, దాని వేలికీ అదే పేలిక. దాని ఫలితం గోడమీద ఉండగా మళ్ళీ ఎందుకని ఎవరో అడిగారు. “అది నాది కాదు, మామయ్యది. నాది ఇప్పుడు పెట్టండి” అంది మైకులోనే. దాని చేతిలోంచి పడిన పుల్ల దొర్లుకుంటూ నా బూటు దగ్గర ఆగింది. వంగి తీసిచ్చాను. నా వంక చూడలేదు.

నిన్న ఆఫీసులో ఆ సంతకాలు వెనక్కి తీసుకోమన్నారు. తీసుకోలేదు. పలక నమ్మదగ్గదైతే ఈ ఫలితాలు నిలవాలి, కాదంటే ఇన్నేళ్ళ ఫలితాలన్నీ పడాలి, మొదట నాది పడాలి, ఏదో ఒకటి తేల్చి రాసివ్వమన్నాను. ఎవరూ రాసివ్వలేదు.

ఇంకో మాట. ఉద్యోగం సంగతి ఆలోచించుకో అన్నది బెదిరింపు కాదే, భయం. నీకోసం.

అక్క మాట్లాడుతుందా? ఒకసారి ఇంటికి రావాలనుంది. ఎవరితోనూ అనకు, చేతులు వణుకుతున్నాయి.

మామయ్య

*

ఏప్రిల్ 13

మామయ్యకి,

సంతకాలు నిలిచాయి. రెండో జట్టు మొత్తానికి పై చదువుల కాగితాలు వచ్చాయి, చిట్టిదానికి కూడా, ఈసారి దాని సొంత పేరున. పలకలు ఊళ్ళకి పంపడం ప్రస్తుతానికి ఆపారని చెప్పుకుంటున్నారు. మొదటి జట్టులో నువ్వు పనిబడి రాసిన పిల్లలందరి తల్లులూ ఇప్పుడు మా అరుగు మీదే కూర్చుంటున్నారు. కుట్టుమిషను పిన్ని ముందుంటుంది. మళ్ళీ పరీక్ష పెట్టమని నీ ఆఫీసుకి వస్తారు. టీ ఇప్పించు, కుర్చీలు కూడా వేయించు. ఆ తరవాత మా తరం వాళ్ళం వస్తాం.

నన్ను లైన్లోంచి తీసేశారు. మూటలు మోసే షెడ్డులో పడేశారు. “బంగారపు చేతులు, ఇప్పుడు మొయ్యి” అని మా గంట సూపర్‌వైజర్ నవ్వాడు. నీది బెదిరింపు కాదు, భయం అన్నావు. భయపెట్టేవాడికీ భయపడేవాడికీ ఒకటే మాట ఎలా వస్తుందో నాకు తెలీదు. తెలుసుకునే తీరికా లేదు. నా లెక్కలో నువ్వు విప్పమని అడగకపోవడం మంచితనం కాదు. అడిగే మొహం లేకపోవడం. ఆ రోజు నీ గొంతు వణకడం మొదటి వరుసలో కూర్చుని విన్నాను. హాయిగా ఉంది. అబద్ధం ఎందుకు రాయాలి?

అమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. చేతులు వణుకుతున్నాయన్న చోట మళ్ళీ చదవమంది. చదివాను. తరవాత “నన్ను ఆ సారు ఒక్కమాట కూడా అడగలేదే. భుజమన్నా తట్టలేదు” అంది. ఇన్నేళ్ళలో అమ్మ నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారి. నీకు చెప్పమని అనలేదు. నేనే చెప్తున్నాను, గుచ్చుకోవాలని.

ఇంటికి రావచ్చా అని అడిగావు. అమ్మ జవాబు ఈ ఉత్తరంతో పాటు పంపిస్తోంది. బస్సులో వేశాం, డ్రైవరు నీ గుమ్మంలో దింపుతాడు. ఒక బస్తా క్లిప్పులు, ఒక సంచి స్ప్రింగులు. ఆ నెల నీ బదులు తను బిగించింది నీ వాటాయేనట, ఇది దానికి బదులట. అన్నీ అయ్యాక నువ్వే మోసుకు రమ్మంది. తలుపు తీస్తుందట.

ఒక్క షరతు పెట్టింది. కుడిచేత్తోనే బిగించాలి.

అక్క పెద్దకూతురు